హంతకుడు మొదటి పేరాలోనే దొరికాడు

సొంత నవలను చేతులారా చంపుకోవడంలో ఎవరైనా తర్ఫీదు కోరితే నా దగ్గరికి రావచ్చు. ఫీజు లేదు, ఒక చాయ్ చాలు. ఆ పనిని నేను ఎంత శ్రద్ధగా, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ చేశానో చెబుతాను. విన్నాక నా మీద జాలి కలగదు. కలగకూడదు కూడా.

నాంపల్లికి మెట్రో కొత్తగా వచ్చిన రోజులవి. అబిడ్స్‌లో ఒక పత్రికాఫీసులో డెస్క్ మీద పనిచేసేవాణ్ణి. ఊళ్ల నుంచి విలేకరులు పంపే వార్తలను దిద్దడం, కుదించడం నా ఉద్యోగం. బొద్దుగా వచ్చిన వార్త ఏదైనా సరే, నా చేతిలో పడితే టైఫాయిడ్ తగ్గిన మనిషిలా బయటికి వెళ్లేది.

తీరిక దొరికినప్పుడల్లా ‘ఏడో గది’ అని ఒక అపరాధ పరిశోధక నవల రాశాను. నాంపల్లి స్టేషన్ ఎదుట ఒక లాడ్జి, దాని యజమాని హత్య, హంతకుణ్ణి వెతికే ఒక ఇన్‌స్పెక్టర్. చంపింది మేనేజర్ నరసింహం. పొద్దున్నే తులసికి నీళ్లు పోసి, చీమ కనిపిస్తే పక్కకు తప్పుకునే మనిషి. చివరి అధ్యాయం దాకా అతని మీద ఎవరికీ అనుమానం రాకూడదు. నవల ప్రాణమంతా అక్కడే ఉంది.

దాన్ని అచ్చేస్తానన్న ధైర్యశాలి యాదగిరన్న. అబిడ్స్ సందులో పుస్తకాల దుకాణం, దానికి తోడు చిన్న ప్రచురణ వ్యాపారం. ఏటా నాంపల్లిలో జరిగే ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌లో స్టాల్ పెడతాడు. “సులోచనక్క బాగుందంటే నేను కూడ ఒకసారి చదివి నుమాయిష్ వరకు తెస్త. లేదంటే దాని జాగాల పచ్చళ్ల పుస్తకం ఏస్త. అది మస్తు పోతది” అన్నాడు. నా సాహిత్య భవిష్యత్తుకు ఎదురుగా ఆవకాయ నిలబడింది.

సులోచనక్క హిమాయత్‌నగర్‌లో ఉండే పంతులమ్మ, నాకంటే ముందే నవలలు రాసిన మనిషి. నా నవల ప్రింటు తీసి ఇస్తే చదివి, అబిడ్స్‌లో ఇరానీ హోటల్‌కు రమ్మంది.

“తమ్మీ, కథ మంచిగుంది. నరసింహం గంత పని చేస్తడని నేనైతే అనుకోలే.”

నేను చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్టులా మెత్తబడిపోయాను.

“కాని మొదలు జర సాగుతున్నది. లాడ్జి మెట్లు, లాడ్జి కిటికీలు, లాడ్జి పిల్లి. శవం యాడుంది తమ్మీ? అసలు సంగతి ముందటికి తే.”

“తెస్తనక్కా.”

“ఇంకోటి, పొడుగైంది. జర కొయ్యి.”

“కోస్తనక్కా. నా కొలువే గది.”

ఆ మాట విన్నప్పుడైనా ఆమె లేచి నా చేతిలోంచి నవల లాక్కోవలసింది.

పత్రికలో వార్త మొదటి పేరాను ఇంట్రో అంటాం. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నీ అందులోనే తేలిపోవాలి. పేజీలో చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోసేస్తాం. ముఖ్యమైనదంతా పైనే ఉంటుంది కదా! జీవితంలో నాకు బాగా వచ్చిన విద్యలు ఈ రెండే. అక్క అడిగింది కూడా సరిగ్గా ఈ రెండే. ఇంకేం కావాలి?

నవల కొత్త మొదటి వాక్యం ఇలా తయారైంది: ‘నాంపల్లిలో లాడ్జి యజమానిని అదే లాడ్జి మేనేజర్ నరసింహం పాత కక్షల కారణంగా శుక్రవారం గొంతు నులిమి హత్య చేశాడు.’ ఎంత బిగువు! పిల్లితో సహా అంతా ఎగిరిపోయింది. తర్వాత కింది నుంచి కోశాను. నరసింహం పట్టుబడే అధ్యాయాలు పోయాయి. పైన చెప్పిందే మళ్లీ ఎందుకు? కోసిన చోట ‘దర్యాప్తు కొనసాగుతోంది’ అని ముగించాను.

అక్కకు మళ్లీ చూపించలేదు. “అక్క చెప్పినట్టే మార్చిన” అంటూ తిన్నగా యాదగిరన్న చేతిలో పెట్టాను. ఆయన మొదటి పేజీ చదివాడు. మధ్య పేజీలు తిరగేశాడు. చివరి పేజీ చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదటి పేజీకి వచ్చాడు.

“సాబ్, చంపింది నరసింహమేనా?”

“ఔనన్నా.”

“మరి గీ ఇన్‌స్పెక్టర్ పుస్తకమంత ఎవర్ని దేవులాడుతుండు?”

“నరసింహాన్నే.”

“ఆయన యాడికి పోయిండు?”

“యాడికీ పోలే. లాడ్జిలనే తులసికి నీళ్లు పోస్తుండు.”

“ఆఖర్కి దొరుకుతడా?”

“దొరికేది కోసేసినన్నా. జాగ సరిపోదని.”

“జాగనా? నిన్ను జాగ ఎవరడిగిన్రయ్యా?”

ఆయన వెంటనే సులోచనక్కకు ఫోన్ కలిపి, దుకాణంలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి సంగతంతా చెప్పాడు.

“ఓ తమ్మీ!” అక్క గొంతు దుకాణమంతా మోగింది. “నేను శవాన్ని ముందటికి తెమ్మన్న. హంతకుణ్ణి ఎవరు తెమ్మన్నరు?”

“అసలు సంగతి అంటివి కదక్కా.”

“నీ అసలు సంగతి పాడుగాను! యాదగిరీ, పాత కాపీ నా తాన్నే ఉన్నది. పంపిస్త, గది చదువు.”

“ఇంకేం చదవాలె అక్కా? చంపినోడెవడో నాకు ఎరుకాయె. సస్పెన్స్ ఉందో లేదో నాకెట్ల తెలుస్తది?”

నిజమే. నా పుస్తకం వేస్తానన్న ఒకే ఒక్క మనిషిని, దాని గుట్టు ముందే విప్పి, చదవడానికి పనికిరాకుండా చేసేశాను. ఆయన చెయ్యి నెమ్మదిగా పచ్చళ్ల కాగితాల వైపు కదిలింది.

“అక్కా, ఏదన్న చెయ్యి!” అన్నాను ఫోన్ వైపు వంగి.

“ఏముంది, హంతకుణ్ణి మార్చు.”

మార్చాను. పాత కాపీ తెచ్చుకుని, శవాన్ని ముందుకు జరిపి, నరసింహాన్ని నిర్దోషిగా విడిచిపెట్టి, నేరాన్ని ఏకంగా ఇన్‌స్పెక్టర్ మెడకు చుట్టాను. యాదగిరన్న చదివి కుర్చీలోంచి లేచాడు. “జబర్దస్త్ సాబ్! నేనసలు పసిగట్టలే!” పుస్తకం నుమాయిష్‌కు అందింది.

మొదటి రోజే వెళ్లి, ఎవరూ గుర్తుపట్టకుండా స్టాల్ పక్కన నిలబడ్డాను. ఒకాయన నా పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. యాదగిరన్న ఉత్సాహంగా ముందుకు వంగాడు.

“తీస్కోండి సార్, గిసొంటి సస్పెన్స్ మీరు సదివి ఉండరు. అందరు మేనేజరే చంపిండనుకుంటరు. కాదు సార్! పట్టుకోనీకి వచ్చిన ఇన్‌స్పెక్టరే చంపిండు!”

“అట్లనా!” అని ఆయన మెచ్చుకోలుగా తలూపి, పుస్తకం జాగ్రత్తగా దాని చోట పెట్టి వెళ్లిపోయాడు. వెనకున్నవాళ్లూ విన్నారు. వాళ్లూ వెళ్లిపోయారు.

అక్కడికక్కడే, జనం తోసుకుంటుండగా, చెప్పులు విడిచి ప్రమాణం చేశాను. ఇకమీదట డెస్క్ కత్తెరను నవల గడప తొక్కనివ్వను. హంతకుడి పేరు సాటి రచయితకు గానీ, ప్రచురణకర్తకు గానీ చచ్చినా తెలియనివ్వను. ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. ఇప్పుడు రాస్తున్న నవలలో చంపిందెవరో నాకు కూడా తెలియదు.