గేదె శ్వాసనాళంలో మసి

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు నన్ను మచిలీపట్నంలోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు అసిస్టెంట్ డైరెక్టరుగా వేశారు. చనిపోయిన పశువుల అవయవాలను సూక్ష్మదర్శినిలో చూసి కారణం చెప్పడం నా పని.

ఆ వానాకాలం అవనిగడ్డ దగ్గరి ఒక ఊరి పశువైద్యుడు ఒక గేదె శ్వాసనాళం ముక్కలను కుళ్ళకుండా ఫార్మలిన్‌లో వేసి పంపాడు. గేదె ఆ ఊళ్ళోని రత్నకుమారి గారిది. పాల మీదే నడిచే ఇల్లు. ఉన్న నాలుగు గేదెల్లో ఒకటి దగ్గి దగ్గి న్యుమోనియాతో పోయింది, మిగిలిన మూడూ దగ్గుతున్నాయి. పక్కింటి ప్రసాద్ రొయ్యల చెరువులో చల్లే మందుల గాలికే ఇదంతా అని ఆమె అనుమానం. పోలీసు కేసు పెడతానంటోందని వైద్యుడు ఫోన్‌లో చెప్పాడు.

ముక్కలను మైనపు దిమ్మల్లో బిగించి, కాగితం కన్నా పలచగా కోసి, రంగులద్ది చూశాను. ఆరోగ్యంగా ఉన్న శ్వాసనాళం లోపలి పొరలో పొడవాటి కణాలు ఒత్తుగా నిలబడి ఉంటాయి. వాటి కొసల్లో సన్నని నూగు ఉంటుంది. మధ్యమధ్య ఉండే గోబ్లెట్ కణాలు జిగురు వదులుతాయి. దుమ్ము ఆ జిగురుకు అంటుకుంటే నూగు దాన్ని గొంతు వైపు నెట్టేస్తుంది. ఈ గేదెలో గొట్టాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి వలయాలు బాగానే ఉన్నాయి. నూగు మాత్రం చాలాచోట్ల లేదు. పొడవాటి కణాల స్థానంలో చర్మం మీద ఉండేటటువంటి బల్లపరుపు కణాలు పేరుకున్నాయి. అది నెలల తరబడి ఏదో ఒక ఘాటు తగులుతూ ఉంటేనే వచ్చే మార్పు. జిగురులో నల్లటి నలుసులు కూడా కనిపించాయి. మసి అనిపించింది. చెరువు మందుకు మసి ఉండదు.

మర్నాడే ఆ ఊరు వెళ్ళాను. గేదెల పాక చుట్టూ టార్పాలిన్లు కట్టి ఉన్నాయి. లోపల కప్పు నల్లబారిపోయింది.

“రోజూ పొగ వేస్తారా అమ్మా?” అని రత్నకుమారి గారిని అడిగాను.

“వెయ్యకపోతే ఎట్టాగండీ? ఎండాకాలం నుంచీ దోమలు పీక్కుతినేస్తన్నాయి. ఊక, వేపాకు రాజేసి, పొగ బయటికి పోకుండా ఈ టార్పాలిన్ పట్టాలు దించేస్తానండీ.”

ఆ పొగకే గొంతు గొట్టంలో నూగు పోయిందని, నూగు పోయిన గొట్టంలో క్రిములను అడ్డుకునేది ఉండదని విడమరిచి చెప్పాను.

“అయితే నేనే చంపుకున్నానాండీ?”

“దోమల నుంచి కాపాడాలనే చేశారు. గాలి ఆడనిస్తే మిగతా మూడూ నిలబడతాయి,” అన్నాను.

పక్కనే చెరువు గట్టు మీద నిలబడి వింటున్న ప్రసాద్ దగ్గరికి వచ్చాడు. “అక్కా, రొయ్యపిల్లల్ని ఉంచే సన్నవల నా దగ్గరుంది. పాక చుట్టూ కట్టేద్దాం. దోమ దూరదు.”

ఆవిడ అతని వైపు చూడకుండానే, “కట్టు మరి,” అంది. కాసేపటికి ఇద్దరికీ టీ తెచ్చింది.

చలికాలం వచ్చేసరికి రెండు గేదెలకు దగ్గు పూర్తిగా తగ్గింది. ముసలిదానికి కొంచెం మిగిలింది, పాలు మాత్రం ఇస్తోంది. కేసు మాట మళ్ళీ రాలేదు.

కణాల్లో మార్పును స్లైడు చూపించింది. దానికి మూలం పాకలోకి వెళ్ళాకే రూఢి అయింది. ఆనాటి నుంచి, నమూనాతో పాటు పశువును ఎక్కడ కడతారో, గాలి ఎట్లా వస్తుందో కూడా రాసి పంపమని పశువైద్యులను అడగడం మా ప్రయోగశాలలో పద్ధతిగా పెట్టాను.