ఏర్గట్లలో లేని ఆమె

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోయడం నాకు కొత్త కాదు. ఆంప్లిఫయర్లు మోసీ మోసీ నా నడుం ఎప్పుడో పోయింది. కానీ ఆంప్లిఫయర్‌ని ఎక్కడో ఒకచోట దింపుతాం. దీన్ని దింపడానికి జాగా దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు దింపుతున్నాను. కొంచెం జరగండి, కాలి మీద పడగలదు.

నేను గిటారు వాయిస్తాను. ఆర్మూర్‌లో. మెటల్. నేను మెటల్‌లో ఉన్నానంటే ఇనుప సామాన్ల దుకాణం పెట్టాననుకున్న చుట్టాలున్నారు. వాయించింది విన్నాక "మెటల్ కాదురా, మెంటల్" అని సరిదిద్దినవాళ్లూ ఉన్నారు. బ్యాండు అసలు పేరు చెబితే దొరికిపోతాను. అదీ చావుకు సంబంధించినదే కాబట్టి, ఇక్కడికి 'పాడె' అనుకోండి. పాడేదీ మేమే, మోసేదీ మేమే. నల్ల టీషర్టులు, వాటి మీద పుర్రెలు, గొంతు చించుకుని చావు మీద పాటలు. మా శ్రోతలు ఒక ఆటోలో పట్టరు. రెండు ఆటోల్లో పట్టేస్తారు.

డ్రమ్స్ వాయించేది సుధాకర్. పేరు మార్చాను. చిన్నప్పటి స్నేహితుడు. వాళ్లకు ఊరి బయట కొంత భూమి, అందులో పసుపు, కొంచెం మక్కజొన్న. వాళ్లమ్మ సాయవ్వ. ఆమె పేరూ మార్చాను. నేను పెద్దమ్మా అంటాను. నా కథంతా ఆమె గురించే.

ఒక దశలో నాకు మెటల్ మీద విసుగొచ్చింది. విసుగు అనడం మర్యాద కోసం. నాకంటే వేగంగా వాయించే కుర్రాళ్లు వచ్చారు. వేగంలో ఓడిపోయేవాడికే నెమ్మదిలో లోతుందని తెలుస్తుంది. నాకూ తెలిసింది. బ్యాండుతో సంబంధం లేకుండా, డ్రమ్స్ లేకుండా, అరుపులు లేకుండా సొంతంగా ఒక ఆల్బమ్ చేస్తానన్నాను. నెమ్మదైన తీగలు, వాటి కింద మా ఊరి చప్పుళ్లు. పసుపు ఉడికేటప్పుడు ఆవిరి చేసే బుస. పంట తూచే కాంటా దగ్గర బస్తా పడ్డ చప్పుడు. సుధాకర్ నవ్వలేదు. "చెయ్‌రా, మంచిగుంటది" అన్నాడు. మంచివాడితో ఇదే చిక్కు, అడ్డం పడడు.

చప్పుళ్లు బాగానే కుదిరాయి. గిటారే కుదరలేదు. దుఃఖం వాయించబోతే అగర్‌బత్తీ ప్రకటనలా వచ్చేది. నా గిటారు ఏడవడం అటుంచి, పక్కింటివాళ్లను ఏడిపించేది.

పసుపు ఎండాక మా దగ్గర దాన్ని పాలిష్ పడతారు. జల్లెడలాంటి పెద్ద ఇనుప డ్రమ్ములో కొమ్ములు పోసి తిప్పుతారు. పొట్టు రాలి కొమ్ము మెరుస్తుంది. చప్పుడేమో రాళ్లవాన ఆగకుండా కురుస్తున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు కోసం ఒక ఉదయం రికార్డర్ తీసుకుని సుధాకర్ వాళ్ల కల్లానికి వెళ్లాను. బస్తాల మీద పెట్టి బటన్ నొక్కాను. సుధాకర్ నాన్న డ్రమ్ములోకి పసుపు ఎత్తిపోస్తున్నాడు. నన్ను చూసి నవ్వుతూ ఏదో అన్నాడు. డ్రమ్ము చప్పుడులో వినబడలేదు. రికార్డింగులోనూ వినబడదు, ఎన్నిసార్లు వెతికానో. కాసేపటికి పార పక్కన పెట్టి కూర్చున్నాడు. తర్వాత ఒరిగాడు.

ట్రాక్టరు మీదే దవాఖానకు తీసుకెళ్లాం. చెరోపక్క పట్టుకుని నేను, సుధాకర్. దారిలోనే అయిపోయింది. తిరిగి తెచ్చి కల్లంలోనే, పసుపు రాశి పక్కన పడుకోబెట్టాం. ఇంటి దగ్గర నుంచి సాయవ్వ వచ్చింది.

మా వైపు ఆడవాళ్లు చావు దగ్గర ఊరికే ఏడవరు. రాగం తీసి, మాట మీద మాట కట్టి, పోయినవాణ్ణి పలకరిస్తారు, తిడతారు, జవాబు చెప్పమంటారు. సాయవ్వ కూడా అలాగే మొదలుపెట్టింది.

"లేవయ్యో... పసుపంత ఎండవెట్టి నువ్వు పండుకుంటివా... కాంటన్న గానియ్యకపోతివి... కొడుకేమో గా గిటారోనితోటి డబ్బలు గొట్టుకుంట తిరుగవట్టె... వాని లగ్గం ఎవలు జెయ్యాలె... నేను ఎవల జూసి బతుకుదు..."

గిటారోడు అన్నప్పుడు ఒకరిద్దరు నావైపు చూశారు. తల దించుకున్నాను. అప్పుడు కనబడింది, బస్తాల మీద ఎర్ర దీపం. రికార్డర్ ఇంకా నడుస్తోంది.

ఇక్కడి వరకు తప్పు లేదు. ఆపడం మర్చిపోయాను, అంతే. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కథ ఇక్కడే ముగుస్తుంది, సౌకర్యంగా. కానీ తర్వాత ఇంకొంచెం ఉంది. నేను లేచి బస్తాల దగ్గరికి వెళ్లాను. ఆపడానికే వెళ్లాను, అది ప్రమాణం చేసి చెప్పగలను. వెళ్లి చూస్తే రికార్డర్ తెర మీద లెవల్ చూపే గీత ఆమె గొంతుకు ఎర్రగా పైకి కొట్టుకుంటోంది. అలా అయితే రికార్డింగులో శబ్దం పగిలిపోతుంది. నా వేలు ఆపే బటన్ మీదికి వెళ్లలేదు. లెవల్ తగ్గించింది. తర్వాత రికార్డర్‌ని మెల్లగా ఆమె వైపు తిప్పాను.

నేరమంతా ఆ రెండు కదలికల్లో ఉంది. అన్నేళ్లు చావు మీద అరిచినవాణ్ణి, నిజం చావు మొదటిసారి ఎదురుగా వస్తే ఏం చేశాను? సౌండ్ చెక్ చేశాను. తర్వాత వెళ్లి సుధాకర్ భుజం మీద చెయ్యి వేశాను. అదే చెయ్యి.

ఎందుకు చేశాను? కళ కోసమా? ఆ మాట అనుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను, నోరు తిరగలేదు. నా దగ్గర లేనిది ఆమె దగ్గర ఉంది, అది కావాలనిపించింది, తీసుకున్నాను. దుకాణంలో సబ్బుబిళ్ల ఎత్తుకెళ్లేవాడు కూడా ఇంతకంటే లోతుగా ఆలోచిస్తాడేమో.

ఆ ఏడుపును సాగదీశాను. మాటలన్నీ కరిగిపోయేదాకా నెమ్మది చేసి, ఆంప్లిఫయర్ గుండా పంపి, కింద నా తీగ ఒకటి పెట్టాను. కాంట పోయింది, కొడుకు పోయాడు, లగ్గం పోయింది. రాగం మిగిలింది. ఆల్బమ్‌లో చివరి ట్రాక్ అదే. ఆల్బమ్ బయటికొచ్చాక, మిగిలినవాటి గురించి ఎవరూ ఒక్క ముక్క అనలేదు. దీని గురించే అందరూ. గిటారుతో ఆ శబ్దం ఎలా తీశావని ఎక్కడెక్కడి నుంచో అడిగారు. తీగను ఇనుప ముక్కతో రుద్దానని చెప్పాను. పాపం కొందరు రుద్దుకుని తీగలు తెంపుకున్నారు.

సుధాకర్ కూడా విన్నాడు. గుర్తుపట్టలేదు. ట్రాక్ అయిపోయాక, "మా బాపు యాదికొచ్చిండురా" అన్నాడు. అప్పుడైనా చెప్పవచ్చు కదా? చెప్పలేదు. థాంక్స్ అన్నాను! మీరు నమ్మరు, థాంక్స్ అన్నాను.

మరుసటి ఏడు పసుపు తవ్వకాలప్పుడు వాళ్ల చేను దగ్గరికి వెళ్లాను. సాయవ్వ గట్టు మీద కూర్చుని తవ్విన మండ దుంపల నుంచి పసుపు కొమ్ములు విరుస్తోంది. సుధాకర్ నా గొప్ప చూపించాలని సెల్లుకు చిన్న స్పీకర్ తగిలించి ఆ ట్రాక్ పెట్టాడు. నేను వద్దనేలోపే మొదలైంది. ఆమె చెయ్యి ఆగింది.

"ఎవలు బిడ్డా గట్ల ఏడుస్తున్నది?"

"ఎవలు లేరు పెద్దమ్మా. గిటారు."

"నన్ను ఎర్రిదాన్ని జేస్తున్నవా? తీగ ఏడుస్తదా గిట్ల? మొగడు పోయినామె ఏడుపు గిది. ఏ ఊరామె?"

నోటికి ఏది వస్తే అది. "ఏర్గట్ల దిక్కు."

"పిల్లలున్నరా?"

"ఒక్కడే కొడుకు."

"ఏం జేస్తడు?"

"ఏం జెయ్యడు పెద్దమ్మా."

ఆమె సుధాకర్ వైపు చూసింది. "గంతేలే. కొడుకులు అంతట గిట్లనే ఉన్నరు."

"నన్నెందుకంటవే నడుమ?" అన్నాడు వాడు నవ్వుతూ. మరి గిటారన్నావుగా అని వాడు అడగలేదు. నేనూ నవ్వాను. ఆమె కళ్లు తుడుచుకుంది, కొంగుకు పసుపు మట్టి.

చూశారా, అబద్ధం ఆడటానికి కూడా నాకు సొంత సరుకు లేదు. లేని ఆమెకు సాయవ్వ సంగతులే ఇచ్చాను. తన మీద తనే జాలిపడేలా చేశాను.

ఆ ఎండాకాలం సాయవ్వ నాకు ఒక సీసా ఇచ్చింది. మామిడికాయ తొక్కు. "నీకు గాదు, గా ఏర్గట్ల ఆమెకియ్యి. దుఃఖంల ఉన్నోళ్లకు బువ్వ దిగదు. గింత కారం తలిగితే ఒక ముద్దన్న పోతది." తీసుకున్నాను. ఏం చేయాలి? వెనక్కి ఇస్తే ఎందుకని అడుగుతుంది. పారేస్తే పాపం. పదిరోజులు మూత తీయలేదు. ఆ తర్వాత ఒకరోజు ఇంట్లో కూర లేదు. చాలా బాగుంది. అదే మరీ కష్టం, చాలా బాగుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఆమె అడిగింది, ఏమన్నదని. నచ్చిందంది అన్నాను. అదొక్కటే నిజం.

అప్పటి నుంచి ఏటా ఒక సీసా. ఏటా ఒక కబురు. గామె మోకాళ్ల నొప్పులు తగ్గినయా? కొడుకు దారిల వడ్డడా? నేను కబుర్లు అల్లుతూ పోయాను. మోకాళ్లు తగ్గాయన్నాను. కొడుకు ఇంకా దారిలో పడలేదన్నాను, సుధాకర్‌ని చూస్తే అంతకంటే అబద్ధం రాలేదు. ఎవరో ఇద్దరు ముసలివాళ్ల మధ్య ఉత్తరాలు మోసే తపాలావాడిలా తయారయ్యాను. తేడా ఏమిటంటే, అటువైపు ఇల్లు లేదు.

ఇక ఇప్పటి సంగతి. మొన్న బుధవారం సాయవ్వ నన్ను పిలిపించింది. పసుపు అమ్ముడుపోయింది, చేతిలో పని లేదు. ఈసారి సీసా తన దగ్గరే పెట్టుకుంది.

"గీసారి నేనే ఇస్త. ఐతారం నన్ను గాడికి తోల్కపో."

"ఎందుకు పెద్దమ్మా, దూరం..."

"ఏర్గట్ల దూరమా? బండి మీద పోంగ రాంగ ఎంతసేపు?" అని, గొంతు తగ్గించింది. "ఆయన పోయిననాడు నేను ఏడ్సిన్నో లేదో గూడ నాకు యాదికి లేదు కొడుకా. తర్వాత ఏడుద్దమంటే ఇంట్ల వీడున్నడు, వీడు బెంగటిల్లుతడని ఊకున్న. గామె నా లెక్కనే ఏడ్సింది. గామె పక్కన కూసొని ఒక్కపారి నోరార ఏడ్వాలె. గంతే."

ఆ రోజు నుంచి నేను ఒకచోట కూర్చోలేకపోతున్నాను. గిటారు ముట్టలేదు. గదిలో తిరుగుతున్నాను, బండి తీసి హైవే దాకా వెళ్లి ఊరికే తిరిగి వస్తున్నాను. బండి చెడిపోయిందని చెప్పవచ్చు. ఏర్గట్ల ఆమె చుట్టాల ఊరు పోయిందని చెప్పవచ్చు. చచ్చిపోయిందని కూడా చెప్పవచ్చు. ఒక పూట ఆ ఆలోచన కూడా చేశాను, ఎలా చనిపోయిందో కూడా అనుకున్నాను. ఇంత దూరం వచ్చాను.

దొంగతనం ఒక్కటే అయితే ఇంత గాభరా ఉండేది కాదు. నేను నిజం చెబితే ఆమె దగ్గర నుంచి ఆ ఇంకొకామె పోతుంది. ఇన్నేళ్లుగా తన దుఃఖం తెలిసిన మనిషి ఏర్గట్లలో ఒకరున్నారని అనుకుంటోంది. తొక్కు పెట్టినప్పుడల్లా ఒక సీసా పక్కకు తీసిపెట్టుకుంటోంది. అక్కడ ఎవరూ లేరని చెప్పాలి. చెప్పకపోతే ఆమె తను ఏడ్చిన ఏడుపు తనదని తెలియకుండానే ఉండిపోతుంది. ఏది పెద్ద తప్పు? తూచడం నాకు రాదు. ఇంతకాలం లెవల్ తగ్గించడమే వచ్చు.

అసలు రికార్డింగు నా దగ్గర అలాగే ఉంది. సాగదీయనిది. అందులో కాంట ఉంది, లగ్గం ఉంది, గిటారోడు ఉన్నాడు. డ్రమ్ము చప్పుడు వెనక ఆయన చివరి మాట ఉంది, వినబడదు కానీ ఉంది. అది ఆ ఇంటి ఆస్తి. ముందు ఆమెకు ఇవ్వాలి, తర్వాత సుధాకర్‌కి. వాడు నన్ను కొడతాడో, బ్యాండులోంచి తీసేస్తాడో, అంతకంటే ఘోరంగా ఏమీ అనకుండా ఊరుకుంటాడో తెలియదు. ఆ ట్రాక్ ఉండాలో పోవాలో వాళ్లే చెప్పాలి. నేను క్షమించమని అడగను. ధైర్యం ఉండి కాదు. అడిగితే ఆ పెద్దమ్మ క్షమించేస్తుందేమోనని భయం.

ఇప్పటిదాకా ఎక్కడా అనని మాట ఇక్కడ రాస్తున్నాను. ఆ ట్రాక్‌లో ఉన్నది గిటారు కాదు, ఏర్గట్ల ఆమే కాదు. అది సాయవ్వ ఏడుపు. నేను ఎత్తుకొచ్చాను.

ఇంత పొట్టిగా ఉంటుందనుకోలేదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అలా ఆడటం కూడా సిగ్గుగానే ఉంది, కానీ ఆడుతోంది.

ఇవాళే ఆదివారం, ఆమె చెప్పిన ఐతారం. ఆమె కొత్త చీర కట్టుకుని, సీసా గుడ్డలో చుట్టి, వాకిట్లో నిలబడి ఉంటుంది. బండి ఆపేసి ఎందుకు దిగావని అడుగుతుంది. "ఏర్గట్లకు వద్దు పెద్దమ్మా, లోపలికి నడు, జర కూసో" అంటాను. అక్కడి దాకా అనుకున్నాను. ఆ తర్వాతి మాట నా దగ్గర లేదు, రికార్డర్‌లో ఉంది.