మట్టిలో తిరిగిన మోకాలు

2023 వేసవి. పామర్రు సెంటర్లో బస్సులు ఆగే చోటికి ఎదురుగా మా డీటీపీ షాపు. డీటీపీ అంటే మరేం లేదు, టైపు చేసి, పేజీ తీర్చి, ప్రింటు తీసిచ్చే పని. నేను ఇంటర్‌తో చదువాపేసి ఇందులో చేరాను. వచ్చినవాళ్లంతా ముందు అడిగేది ఒకటే, "మోడల్ ఉందా అండీ?" అని. అద్దె అగ్రిమెంటైనా, పెళ్లికార్డయినా పాతదాంట్లో పేర్లు మార్చి ఇచ్చేయడమే మా పద్ధతి.

సునీతగారు అవనిగడ్డ బస్సు దిగి వచ్చారు. ప్రైవేటు స్కూల్లో పీఈటీ, అంటే ఆటల టీచరు. స్పోర్ట్స్ సైన్సులో పీజీకి అప్లై చేస్తున్నారు. దాంతోపాటు రీసెర్చ్ ప్రపోజల్ పెట్టాలట. ఏం కనుక్కోవాలనుకుంటున్నామో, ఎలా కనుక్కుంటామో ముందే రాసివ్వడం అన్నమాట. తెలుగులో రాసినా తీసుకుంటారట. మర్నాడే ఆఖరి తేదీ. ఇంట్లో ఈ ఒక్క ఏడాదికే ఒప్పుకున్నారని, ఈసారి సీటు రాకపోతే ఇక చదువు మాట ఎత్తనని చెప్పారు.

ఆవిడా మోడల్ తెచ్చుకున్నారు. ఎవరో సీనియర్ రాసిన ఫుట్‌బాల్ ప్రపోజల్. ఫుట్‌బాల్ ఉన్నచోటల్లా కబడ్డీ అని మార్చమన్నారు. రీప్లేస్ కొట్టాను. ఒక మాట తీసేసి ఇంకో మాట కాగితమంతా కంప్యూటరే పెట్టేస్తుంది. ప్రింటు చేతికిచ్చాను.

చదువుతూ ఒకచోట ఆగిపోయారు. "ఇదేంటండీ, 'కబడ్డీని కుడికాలితో బలంగా తన్నినప్పుడు' అంట."

ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. జిరాక్సుకొచ్చిన పెద్దాయన, "తన్నమ్మా, గోలు పడితే సీటు నీదే" అన్నాడు. సునీతగారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఎంత తుడుచుకున్నా ఆ కళ్లు ఆరలేదు.

నాకు మనసొప్పలేదు. కుర్చీ ఆవిడ వైపు లాగాను. "మోడల్ పక్కన పెట్టండి మేడం. అసలు మీకేం తెలుసుకోవాలనుంది?"

చేతిలో ప్రింటు మడిచి పక్కన పెట్టారు. తర్వాత చెప్పుకొచ్చారు. వరి కోతలయ్యాక, మినుము వేయని చేలో మోళ్లు చెక్కి, నీళ్లు చల్లి నేల అణిచి, ముగ్గుతో గీతలు గీసుకుని ఆడేవారట. సెలక్షన్స్‌కి వెళ్తే అక్కడ మొదటిసారి మ్యాట్, అంటే ఆటకి పరిచే రబ్బరు పలకలు. కూత పెట్టి వెళ్లి ఒకమ్మాయిని తాకి వెనక్కి తిరిగారు. ఒళ్లు తిరిగింది గానీ పాదం అతుక్కుపోయింది. మోకాలు మెలిపడింది. మళ్లీ ఆడలేదు.

"మట్టిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్కే లేదండీ. అదే తిరుగుడు, అదే కాలు. మట్టి వదిలేసింది, మ్యాట్ ఎందుకు పట్టేసుకుంది? అదొక్కటీ తెలుసుకోవాలి నాకు."

చెప్పు విప్పి, షాపు గచ్చు మీద మెల్లగా పాదం తిప్పి చూపించారు. ఆవిడ అన్నది అన్నట్టే టైపు చేశాను. ప్రపోజల్లో 'నేను' ఉండకూడదట. 'నా మోకాలు' అన్నచోటల్లా 'మట్టిలో నేర్చి మ్యాట్ మీద ఆడే అమ్మాయిల మోకాలు' అని మార్పించారు. అంతా అయ్యాక, "నేను ఎక్కడైనా మిగిలానా చూడండి" అన్నారు. వెతికాను. లేరు. "పోన్లెండి" అన్నారు. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

సీటొచ్చింది. వెళ్లిన కొన్నాళ్లకి వాయిస్ మెసేజ్ పెట్టారు. "ఇక్కడ ల్యాబులో మ్యాట్ ఉందండీ. ఆడేవాళ్ల మోకాళ్లకి సెన్సర్లు, అదే, కదలిక కొలిచే బిళ్లలు, నేనే కడుతున్నాను. అందరూ వెళ్లాక మ్యాట్ మీద కాసేపు నిలబడ్డాను. కూత పెట్టలేదు."

ఆ రోజు నుంచి ఎవరు మోడల్ అడిగినా ముందు కుర్చీ లాగుతున్నాను, మీకేం కావాలో చెప్పండి అని. చాలామంది మోడలే చాలంటారు. కానీ చెప్పడం మొదలుపెట్టినవాళ్లకి ఇక మోడల్‌తో పని ఉండదని సునీతగారి దగ్గరే నేర్చుకున్నాను.

కోతలయ్యాక కాలవ అవతల చేలో ఆడపిల్లల కూత మా షాపులోకి వినిపిస్తుంది. టైపు చేసే చేతులు ఆగిపోతాయి. ఆ పిల్లెవరో వెనక్కి తిరిగి, గీత దాటి వచ్చేదాకా నాకూ ఊపిరాడదు.