పెదవికి తగిలిన ఇసక

సొరచేపకి పొలుసులుండవు. ఇసకుంటుంది. తల నుంచి తోకకి నిమిరితే నున్నగా ఉంటుంది, తోక నుంచి తలకి నిమిరితే అరచెయ్యి గీరుకుపోతుంది. జోగమ్మ పెద్దమ్మ మొగుడు జగ్గారావు రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. బోగీలకి రంగు వేసే ముందు పాత రంగుని ఎమెరీ పేపరుతో గీకడం ఆయన పని. ఒకసారి ఎండిన సొరతోలు ముక్క జేబులో వేసుకుని డ్యూటీకి పోయాడట. సాయంత్రం వచ్చి, "కంపెనీ పేపరు కంటే నీ సొరే నయమే" అన్నాడట. పెద్దమ్మ చెప్పే జోకు అదొక్కటే. చెప్పేటప్పుడు కూడా నవ్వదు.

ఆవిడ నాకు సొంత పెద్దమ్మ కాదు. బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళో, నింపురాలో మా క్వార్టరు పెరటిగోడకి అవతల ఉన్న రెండు గదుల ఇల్లు ఆవిడది. జగ్గారావు పోయి తొమ్మిదేళ్ళయింది. కూతురు రాధారాణి ఊరికి ఇంకో వైపు, ఇందాలో ఉంటుంది, వచ్చి తన దగ్గరే ఉండమంటుంది. ఈవిడ వెళ్ళదు. "అక్కడ అందరూ బెంగాలీలే. నన్ను సొర ఎవులడుగుతారు?" అంటుంది. ఆవిడకి ఈ ఊళ్ళో ఉన్న పని అదొక్కటే మరి. మా తెలుగు లైన్లలో ఎవరికి పురుడొచ్చినా, బాలింతకి పాలు పడాలని మూరెడు పొడుగున్న పాలసొర తెచ్చి పిట్టు చేసి పెడతారు. ఆ సొర ఒలిచేది జోగమ్మ. హిందువుల ఇంటికీ ఆవిడే, క్రిస్టియన్ల ఇంటికీ ఆవిడే. డబ్బు తీసుకోదు. మిగతా రోజుల్లో ఆవిడ తలుపు ఎవరూ తట్టరు. ఇది మర్యాదగా చెప్పడానికి ఇంకో దారి నాకు తెలీదు.

ఆవిడ పుట్టింది శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డున. తండ్రీ అన్నలూ వేటకి పోతే వలలో మిగతా చేపలతో పాటు పిల్లసొరలు పడేవి. పడవలోనే పొట్ట చీల్చి రక్తం కార్చేసేవారట, లేకపోతే మాంసానికి ఉచ్చకంపు పడుతుంది. ఒడ్డుకొచ్చాక ఒలవడం ఆడవాళ్ళ పని. వాళ్ళమ్మ రెండు కట్టుబాట్లు చెప్పింది. బాలింత సొర మొదటి నుంచి చివరిదాకా ఒక్క చెయ్యే పట్టాలి, నలుగురి చేతులూ పడకూడదు. రెండోది, ఎంగిలి తగలకూడదు. ఉప్పు కూడా రుచి చూడకూడదు, కంటితో చూసి వెయ్యాలి. అరవై మూడేళ్ళొచ్చినా పెద్దమ్మ ఈ రెండూ దాటలేదు.

పోయినేడు మా లైను చివర ఉండే జెనీ కాన్పుకి కూడా ఆవిడే చేసింది. జెనీ రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెట్టింది. పళ్ళ కింద కరకర. వాళ్ళమ్మ ఆలిస్ ఆంటీ మర్యాదస్తురాలు, ఎవరితోనూ ఏమీ అనలేదు. కానీ గిన్నె తిరిగివ్వడానికి వచ్చినప్పుడు దాని అడుగున పిట్టు అలాగే ఉంది. పెద్దమ్మ ఆ పిట్టుని వేళ్ళతో నలిపి చూసింది. ఏమీ తెలియలేదు. నోట్లో వేసుకుంటే ఇసక.

అప్పటికే ఆవిడకి షుగరు పన్నెండేళ్ళ నుంచి ఉంది. కాళ్ళ తిమ్మిరి గురించి అందరికీ చెప్పేది. వేళ్ళ గురించి ఎవరికీ చెప్పలేదు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మా వదిన ప్రశాంతికి ఆడపిల్ల పుట్టింది. ఆపరేషన్ చేశారు. పిల్ల రెండు కిలోలకి కొంచెం ఎక్కువ. ఐదో రోజు ఇంటికొచ్చారు, అప్పటికీ పాలు సరిగా పడలేదు. నర్సు చెప్పినట్టు గంట గంటకీ పిల్లని రొమ్ముకి పట్టేది, పిల్ల కాసేపు లాగి ఏడ్చేది, మా అమ్మ గంగాభవాని డబ్బాపాలు కలిపి చెంచాతో పోసేది. వదిన ఫ్యాను వైపు చూస్తూ పడుకునేది. ఏడ్చినా బాగుండేది. ఏమన్నా కావాలా అంటే "వద్దు" అనేది. అన్నయ్య మోహనకృష్ణ ఇండస్ట్రియల్ పార్క్‌లో షిఫ్టు దిగి వచ్చి మంచం పక్కన నిలబడి, ఏం మాట్లాడాలో తెలీక ఫ్యాను స్పీడు పెంచేవాడు. నేను కాలేజీ మానేసి ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఇదంతా రోజంతా చూశాను.

ఆరో రోజు పొద్దున్నే మా అమ్మ పెరటిగోడ మీదుగా పిలిచింది.

"అక్కా! సొర తేవాల. ఇయాల గోల్‌బజారు ఎల్తావా?"

అవతల నుంచి "నా సేత కాదే గంగా. నడుం పట్టేసినాది" అని వినిపించింది.

"ఒలమ్మ! పోయినేడు జెనీకి సేసినావు. ఊరందరికీ సేసినావు. మా కోడలికాడికొచ్చేసరికి నడుం పట్టేసినాదేటి?"

"అది గాదే..."

"మరేటి? సెప్పు. మామేటైనా అన్నామా నిన్ను?"

మా ఇంట్లో పిల్ల ఏడుస్తోంది. ఆ ఏడుపు ఆవిడకీ వినిపించే ఉంటుంది.

"సంచీ తెచ్చుకుంటాను. బుజ్జిగాడిని బండి తియ్యమను" అంది. బుజ్జిగాడంటే నేనే.

గోల్‌బజారులో నిమాయి అని చేపల దుకాణం దాదా ఉన్నాడు. దీఘా సముద్రం నుంచి పొద్దున్నే వచ్చే సరుకులో పిల్లసొర కనబడితే పెద్దమ్మ కోసం పక్కన పెడతాడు. బెంగాలీలు దాన్ని హాంగొర్ అంటారు, ముట్టుకోరు. పెద్దమ్మని చూడగానే అరిచాడు: "మాషీమా! కార్ బాడీతే బాచ్చా హోలో?" ఎవరింట్లో బిడ్డ పుట్టిందని. ఆవిడ బజారుకొచ్చి సొర అడిగిందంటే వాడికి పురుడు లెక్క.

"ఏరాగొడ్తే" అంది పెద్దమ్మ నన్ను చూపించి. వీళ్ళింట్లో అని చెప్పబోయి బెంగాలీనీ తెలుగునీ కలిపేసింది. నిమాయి నా వైపు చూసి, "నువ్వా? అప్పుడే తండ్రివా?" అన్నాడు హిందీలో. పక్క దుకాణం వాళ్ళు నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. రెండు సొరలు తీసి, మొప్పలెత్తి చూసి, పొట్ట దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. ముక్కు బాగానే పనిచేస్తుంది ఆవిడకి. ఒకటి పక్కకి విసిరేసింది. ఇంకొకటి తీసుకుంది. అన్నీ ఎప్పటిలాగే చేసింది, ఒక్కటి తప్ప. ఎప్పుడూ చేపని తోక నుంచి తలకి ఒకసారి నిమిరి, "ఇసక గట్టిగున్నాది, పడుచుది" అనేది. ఈసారి నిమరలేదు.

తన పెరట్లో కుళాయి దగ్గర కత్తిపీట వేసుకుని కూర్చుంది. రెక్కలు కోసింది, తల తీసింది, పొట్ట చీల్చి లోపలిదంతా లాగేసింది. నాలుగు ముక్కలు చేసింది. ఇటుకల పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు, పసుపు, ఉప్పు. నీళ్ళు మరిగాక ముక్కలు వేసింది. సొర దగ్గర అసలు పని ఇక్కడే. తక్కువ ఉడికితే తోలు రాదు, ఎక్కువ ఉడికితే మాంసం తోలుతో పాటు ఊడొస్తుంది. తోలు ముడత పడే సమయానికి దించి, బొటనవేలితో రుద్దితే పైనున్న ఇసక బురదలా జారిపోవాలి. ఆ తర్వాత తోలు ఒలవాలి. ఒక్క రవ్వ మిగిలినా పిట్టంతా పాడు.

ముడత పడింది. పెద్దమ్మ గరిటె కోసం చూడలేదు. గిన్నెలో చెయ్యి పెట్టి ముక్క తీసింది.

మరుగుతున్న నీళ్ళు అవి.

"పెద్దమ్మా!" అని అరిచాను.

చెయ్యి బయటికి తీసి చూసుకుంది. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ చెయ్యి ఇంకెవరిదో అన్నట్టు అటూ ఇటూ తిప్పింది.

"కాలినాదేటి?" అని నన్నే అడిగింది.

కుళాయి కింద పెట్టించాను. నీళ్ళు పడుతుంటే అప్పుడు చెప్పింది, వేళ్ళ సంగతీ జెనీ సంగతీ గిన్నె అడుగు సంగతీ, అన్నీ వరసగా, రేషను సరుకులు చదివినట్టు. నేను రుద్దుతానన్నాను. అమ్మని పిలుస్తానన్నాను.

"ఒక్క సెయ్యే పట్టాలి. మా యమ్మ సెప్పినాది."

"మీ అమ్మ సెప్పినాదని ఇసక పెడతావా?"

"నోర్ముయ్యి. అక్కడ కూకో."

ఎడంచేత్తో రుద్దడం మొదలుపెట్టింది. రుద్దింది, కడిగింది, మళ్ళీ రుద్దింది. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. తడిమీద రవ్వ కనబడదు. వేలితో నొక్కింది, మణికట్టుకి రాసింది, అక్కడా తెలియలేదు. తోలు ఒలిచి మాంసం చేతిలో పట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. గోడవతల పిల్ల మళ్ళీ ఏడుపు మొదలెట్టింది. అప్పుడు మా ఇంటి తలుపు వైపు ఒకసారి చూసి, ఆ ముక్కని కింది పెదవికి ఆనించింది. మెల్లగా, ఒక వైపు నుంచి ఇంకో వైపుకి లాగింది.

ఆగింది. ఆ చోట గోరుతో గీకి, కడిగి, మళ్ళీ పెదవికి పెట్టుకుంది.

నాలుగు ముక్కలూ అలాగే చేసింది. నేను చూస్తూనే ఉన్నాను. అయిపోయాక నా వైపు తిరగకుండానే అడిగింది.

"సూసినావా?"

"సూసినాను."

"మీ యమ్మకి సెప్పకు."

ఎముక మెత్తగా ఉంటుంది సొరకి, లాగితే వచ్చేస్తుంది. మాంసాన్ని బట్టలో వేసి నీళ్ళు పిండేసింది, పొడిపొడిగా నలిపింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, బోలెడు వెల్లుల్లి వేయించి అందులో పోసి కలియబెట్టింది. ఉప్పు కంటితో చూసే వేసింది. అంత పెదవికి పెట్టినావిడ ఉప్పు మాత్రం రుచి చూడలేదు.

వదిన మంచం పక్కన స్టూలు మీద అమ్మ పళ్ళెం పెట్టింది. వేడన్నం, పక్కన పిట్టు. వదిన లేచి గోడకి ఆనుకుంది. పెద్దమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. వదిన చెయ్యి అన్నంలో పెట్టబోతుంటే,

"ఆగవే" అంది.

నేను తల దించుకున్నాను.

"అది నా పెదవికి తగిలినాది. నా ఏళ్ళకి ఇసక తెలవడం నేదు. అందుకని పెదవికి ఆనించి సూసినాను. తరవాత కడిగినాను, ఏపినాను. అయినా తగిలినాది తగిలినాదే. సెప్పకుండా పెట్టకూడదు. ఇష్టమయితే తిను, నేదంటే పారబొయ్యండి."

మా అమ్మ ముఖం చూడాలి. "ఏటక్కా ఇది! పచ్చి బాలింతకి ఎంగిలి సొర పెడతావా? ఎవులైనా సేత్తారా ఈ పని? సెప్తే నేను రుద్దనా? నాకు సేతుల్నేవా?"

"ఒక్క సెయ్యే పట్టాలి గదే."

"సెయ్యి పట్టకూడదు, మూతి పట్టొచ్చేటి?"

పెద్దమ్మ కాలిన చెయ్యి చీర కొంగులో చుట్టుకుని నిలబడింది. అమ్మ పళ్ళెం తియ్యడానికి వంగింది. వదిన అప్పటికే ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. అందరం ఆగిపోయాం. వదిన నమిలింది. ఫ్యాను వైపే చూస్తూ నమిలింది. అది ప్రేమతో తిందనీ, జాలితో తిందనీ రాయను. వదినకి ఆ వారం రోజులూ ఏదీ పెద్ద విషయంగా కనబడలేదు, ఇదీ అంతే. ముద్ద నోటికెళ్ళింది, తింది.

"ఇసకున్నాదా?" అని అడిగింది పెద్దమ్మ.

వదిన ఇంకో ముద్ద పెట్టుకుని, నమిలి, మింగి చెప్పింది.

"లేదు పెద్దత్తా. ఉప్పు తక్కువుంది."

పెద్దమ్మ తలూపింది. గిన్నె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆవిడ వేళ్ళ మీద బొబ్బలు లేచాయి. మందు పట్టుకెళ్ళిస్తే రాసుకుంది. నొప్పిగా ఉందా అంటే, "ఉండే ఉంటాది" అంది.

ఎనిమిదో రోజుకి పాలు పడ్డాయి. సొర వల్లనా, నర్సు చెప్పినట్టు విడవకుండా పట్టడం వల్లనా నాకు తెలీదు. డబ్బా సగం మిగిలింది. వదిన పిల్లని ఒళ్ళో వేసుకుని అలాగే ఫ్యాను చూసేది. చిన్నగా, చాలా నెమ్మదిగా, కిందికి చూడ్డం మొదలెట్టింది.

అమ్మ ఆ రోజు నుంచి పెద్దమ్మతో సరిగా మాట్లాడలేదు. ఈ సంగతి లైనంతా చెప్పేస్తుందనుకున్నాను. పెద్దమ్మ కూడా అదే అనుకుని ఉంటుంది. పెరటి తలుపు తియ్యడం మానేసింది. ఇందా వెళ్ళిపోతానని రాధారాణికి ఫోనులో చెప్పడం గోడ మీదుగా విన్నాను.

నెల తిరిగాక జెర్రీ వచ్చాడు, జెనీ తమ్ముడు. వాళ్ళ చిన్నాన్న కూతురు ఏంజలిన్‌కి బాబు పుట్టాడట. సొర కావాలి. పోయినేడు ఇసకొచ్చింది కదా, ఈసారి ఇంకెవరన్నా ఉన్నారా అని మా అమ్మని అడగడానికి వచ్చాడు.

అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"ఇంకెవులున్నారు? జోగమ్మక్కనే అడగండి. ఇసక రాదు, నాది పూచీ" అంది.

వాడు సరేనని గేటు దాకా వెళ్ళాడు. అమ్మ మళ్ళీ పిలిచింది.

"ఒరే జెర్రీ! ఆవిడ ఒలిసేటప్పుడు మాత్రం ఎవులూ పెరట్లోకి ఎల్లకండి."