ఓర్వలేని బుచ్చమ్మ తొట్టెల

యాకుత్‌పురా స్టేషను వెనక గల్లీలో ఉండే బుచ్చమ్మకు ఓర్వలేనితనం తప్ప వేరే జబ్బు లేదు. అరవై ఏళ్ల మనిషి. జలుబు ఎరగదు, జ్వరం ఎరగదు. రెండు బర్రెల పాలు అమ్ముకుని ఒంటరిగా బతికేది. తాడు తెంపుకున్న బర్రెను ఒంటిచేత్తో గుంజుకొచ్చేది. కాని పక్కింట్లోకి కొత్త చీపురు వచ్చిందని తెలిస్తే చాలు, కళ్లలో నిప్పులు పోసుకునేది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా వదిలేసి వచ్చేది. ఆ వస్తువును అటు తిప్పి, ఇటు తిప్పి, కొంగుతో తుడిచి, నిట్టూర్చి, చివరికి అనేది: "మంచిగనే ఉన్నది గని..."

ఆ 'గని' తర్వాత ఏం వస్తుందోనని కొన్నవాళ్ల గుండె దడదడలాడేది.

మొగులయ్య కొత్త గొడుగు తెచ్చుకున్నాడు. బుచ్చమ్మ దాన్ని విప్పి, కిందికి దూరి, పైకి చూసింది. "మంచిగనే ఉన్నది గని, ఒక పుల్ల పొట్టిగున్నది. గాలొస్తే తిరగబడ్తది."

"నీ కడుపుమంటకు నా ఛత్రీయే దొరికిందా అక్కా?" అన్నాడు మొగులయ్య. మొదటి వానకే గొడుగు తిరగబడింది. పాపం, అందులో నిండిన నీళ్లు ఒలకకుండా పట్టుకుని ఇంటికొచ్చాడు.

సుందరమ్మ కూతుర్ని చూడడానికి పెళ్లికొడుకు వచ్చాడు. చక్కటి అల్లుడు దొరుకుతున్నాడని బుచ్చమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు. కిటికీలోంచి తొంగిచూసి, "పిల్లగాడు మంచిగనే ఉన్నడు గని, ఎడమచెవు వినరాదు" అంది. సుందరమ్మ ఎడమవైపు నిలబడి "జిలేబీ పెట్టాల్నా నాయనా?" అని అడిగింది. పలకలేదు. కుడివైపుకొచ్చి అడిగేసరికి పళ్లెం చాచాడు. అయినా పెళ్లి జరిగింది. ఆ చెవే తన కాపురాన్ని నిలబెట్టిందని తర్వాత అతనే చెప్పుకున్నాడు.

ఇలా నాలుగుసార్లు అయ్యేసరికి గల్లీకి తెలివి వచ్చింది. బుచ్చమ్మకు చూపించందే ఎవరూ ఏదీ కొనేవాళ్లు కాదు. ఆమె కళ్లు ఎంత మండితే సరుకు అంత మంచిదని లెక్క. బిందెలమ్మే సాయబైతే, ఆ ముసల్దానికి మాత్రం చూపించొద్దని గల్లీ మొదట్లోనే చేతులు జోడించేవాడు: "సబ్‌కూ దిఖావ్ అమ్మా, ఉస్ బుఢ్ఢీకూ నక్కో దిఖావ్!"

పందొమ్మిది వందల నలభైలో గల్లీలోకెల్లా విలువైన కొత్త సొత్తు సరిగ్గా బుచ్చమ్మ ఎదురింట్లో దిగింది. అది ఆ ఇంటి కోడలు నీలమ్మ కన్న ఆడపిల్ల. నీలమ్మ భర్త ప్రకాశానికి స్టేషనులో పట్టాలు మార్చే కొలువు. ఆమెకు తల్లి లేకపోవడంతో కాన్పు అత్త ఆండాలు చేతి మీదుగానే జరిగింది.

ఆండాలుకు మనుమరాలంటే ప్రాణం, బుచ్చమ్మ కళ్లంటే హడలు. ఎదురింట్లో బుచ్చమ్మ దగ్గితే చాలు, పిల్ల మీద కొంగు కప్పి, దిష్టి పోవాలని పొయ్యిలో ఎండుమిరపకాయలు వేసేది. దిష్టి సంగతేమో గాని, ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్లు. ఘాటు గల్లీ దాటి బుచ్చమ్మ ముక్కుకెక్కేది. ఆమె మళ్లీ దగ్గేది. ఆండాలు ఇంకో పిడికెడు వేసేది.

నీలమ్మ బాధ వేరు. ఆమెది మొద్దునిద్ర. మంచమేమో ఒక్క మనిషికి సరిపోయేంత సన్నది. పిల్లను నేల మీద వేద్దామంటే చీమలు, తేళ్లు, పందికొక్కులు. ఒక పొద్దున మెలకువ వచ్చి చూసుకుంటే పిల్ల పొత్తిగుడ్డ ఆమె మోచేతి కింద నలిగి ఉంది. పిల్ల జానెడు అవతల క్షేమంగానే ఉంది. అయినా నీలమ్మ పిల్లను గబుక్కున ఒళ్లోకి లాక్కుంది. ఆ రోజు నుంచి నడుం వాల్చలేదు. గోడకు చేరగిలబడి, పిల్లను ఒళ్లో పెట్టుకుని, తూగుతూ కూర్చుంటోంది. కళ్లు లోపలికి పోయాయి. ఇరవై ఒకటో రోజున పిల్లను తొట్టెలలో వేసి పేరు పెట్టాలి. ఆలోగా ఏ అపాయమూ లేని తొట్టెల, చెయ్యి చాస్తే పిల్ల అందేంత దగ్గరగా ఉండేది, దొరకాలి. అది దొరికితే గాని ఆమెకు కునుకు లేదు.

"తొట్టెలకేం ఫికర్?" అని ఆండాలు పాత చీర తీసి దూలానికి ఊయల కట్టింది. "మా ఇంట్ల అయిదుగురం గిండ్లనే పెరిగినం."

గల్లీలోంచి బుచ్చమ్మ మెడ సాచింది. "మంచిగనే ఉన్నది గని, చీర సంగతి కాదు, దూలం సంగతేందే ఆండాలూ?"

ప్రకాశం కట్టెతో దూలాన్ని పొడిచాడు. చెదలు తిన్న పొట్టు తట్టెడు అతని నెత్తిన పడింది.

మర్నాడు ప్రకాశం జుమ్మెరాత్ బజారుకు వెళ్లి, చిలకలు చెక్కిన కొయ్య తొట్టెల తెచ్చాడు. ఎంత ముద్దుగా ఉందంటే, దాన్ని అరుగు మీద దించగానే బుచ్చమ్మ ముఖం నల్లగా మాడింది. చిలకలను ఒక్కొక్కటీ తడిమింది. కమ్మీల మధ్య వేళ్లు పెట్టి చూసింది.

"పిల్లను తెండ్రి. తలకాయ ఎంతున్నదో చూడకుంట సందు సంగతి ఎట్ల చెప్పాలె?"

"పిల్లను నీ ముంగట పెడ్తనా? ప్రకాశం, సొరకాయ తేరా!" అంది ఆండాలు.

పిల్లంత సొరకాయ వచ్చింది. ఆండాలు దానికి పొత్తిగుడ్డ చుట్టింది. ఎందుకైనా మంచిదని కాటుక చుక్క కూడా పెట్టింది.

"కాయ మంచిగనే ఉన్నది గని, ముదిరింది" అంది బుచ్చమ్మ. అలవాటు ఎక్కడికి పోతుంది! తర్వాత సొరకాయను తొట్టెలలో పడుకోబెట్టి, పసిపిల్ల కాళ్లతో తన్నుకున్నట్టు మెల్లగా పక్కకు నెట్టింది. అది రెండు కమ్మీల సందులోంచి జారి, అరుగు మీదినుంచి కిందపడి మూడు ముక్కలైంది. ఆ ముక్కలు ఆ పూట పులుసులోకి పనికొచ్చాయి. నీలమ్మ మాత్రం పులుసు ముట్టలేదు.

మూడోది మలక్‌పేటలో ఎవరో దొర ఊరు విడిచిపోతూ హర్రాజు వేయించిన ఇనప తొట్టెల. తెల్లరంగు, కింద నాలుగు చక్రాలు. ఈసారి బుచ్చమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. నీలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని దేవుళ్లందరికీ మొక్కుకుంది.

"మంచిగనే ఉన్నది గని, పిల్లను పండబెట్టనీకె తెచ్చిన్రా, పట్నం తిప్పనీకె తెచ్చిన్రా?"

"చక్రాలుంటే తప్పేంది పెద్దమ్మా?" అంటూ ప్రకాశం చెయ్యి తీశాడు. వానల నీళ్లు బయటికి పోవాలని వాళ్ల అరుగు ఏటవాలుగా కట్టారు. తొట్టెల కదిలింది. ప్రకాశం పట్టుకునేలోపల అరుగు దిగి, గల్లీలో పరుగెత్తి, బుచ్చమ్మ బర్రె డొక్కకు తగిలి ఆగింది. బర్రె రెండు పూటలు పాలివ్వలేదు.

నీలమ్మకు ఏడుపు ఆగలేదు. కిటికీలోంచే అడిగేసింది: "పెద్దమ్మా, తప్పులున్నయని చెప్తున్నవా? నా బిడ్డకు తొట్టెల వస్తే ఓర్వలేక చెప్తున్నవా?"

"ఓర్వలేకనే. ఇంకేముంటది?" అంది బుచ్చమ్మ. బర్రె డొక్క నిమురుకుంటూ ఇంట్లోకి పోయింది.

నీలమ్మ అంతవరకు ఎవరినీ తిట్టిన మనిషి కాదు. ఆ రోజు మాత్రం, ఈ ముసల్దాని కండ్లు పేలిపోను, అనుకుంది.

రెండు రోజులు గడిచాయి. బుచ్చమ్మ అరుగు మీద రంపం చప్పుడు మొదలైంది. వడ్రంగి శివయ్య టేకు చెక్కలు కోస్తున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని అదిలిస్తోంది.

"ఏం చేపిస్తున్నవు అక్కా?" అని అడిగాడు అటుగా పోతున్న మొగులయ్య.

"తొట్టెల."

"ఎవరికి?"

"నాకు. ఎదురింట్ల తొట్టెల గురించి గింత లొల్లి నడుస్తుంటే నాకు ఒక్కటన్న ఉండొద్దా?"

గల్లీ గల్లీ అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఓర్వలేనితనం చాలామందికి ఉంటుంది గాని, అరవై ఏళ్లకు తొట్టెల చేయించుకునేంత ఎవరికీ ముదరలేదు. శివయ్యకు మాత్రం నవ్వు రాలేదు. గంటకోసారి అరుపులు వినిపించేవి: "అంచు గుండ్రగ చెయ్యి, గీరుకుంటది!" "రంగు వెయ్యకు, నూనె రుద్దు, నాకితే కడుపుల వోతది!" "సందు రెండు వేళ్లకు మించితే నీ వేళ్లు కోస్త!"

"నువ్వు తొట్టెల నాకుతవా బుచ్చమ్మక్కా?" అని శివయ్య ఏడుపుగొంతుతో అడిగేవాడు.

కిటికీలోంచి చూస్తున్న నీలమ్మకు కడుపులో మంట మొదలైంది. మొదట ఆ మంట ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. కారం ఎక్కువ తిన్నాననుకుంది. కాని రోజూ ఒక్కో కాలు, ఒక్కో కమ్మీ లేస్తుంటే మంట గొంతులోకి వచ్చింది. తన బిడ్డ ఒళ్లో ఉంది, తన కళ్లలో నిద్ర లేదు. పిల్లాజెల్లా లేని ముసలిదానికి అలాంటి తొట్టెల! ఇంత కుళ్లు తనలో ఎక్కడ దాక్కుందో నీలమ్మకే తెలియలేదు. సిగ్గేసింది. సిగ్గేసినా మంట తగ్గలేదు.

పందొమ్మిదో రోజున బుచ్చమ్మ ఆ తొట్టెలను ఎండలో పెట్టే నెపంతో తెచ్చి సరిగ్గా నీలమ్మ గడప ముందు దించింది. స్తంభాల్లాంటి బలమైన కాళ్లు. చీమలు ఎక్కకుండా వాటి కింద పెట్టేందుకు నాలుగు నీళ్ల గిన్నెలు. మెత్తటి బొంత. బొంత మీద బుచ్చమ్మ పిల్లి మీసాలు దువ్వుకుంటోంది.

"చూడు బిడ్డా, ఎట్లున్నది?" అంది బుచ్చమ్మ.

"మంచిగనే ఉన్నది గని..." అని నీలమ్మ నోట తనకు తెలియకుండానే వచ్చింది. ఆ 'గని' తర్వాతకి ఒక వంక కావాలి. గడప దాటకుండా వంగి చేతులు చాచి వెతికింది. అంచులు తడిమింది, నున్నగా ఉన్నాయి. సందులో వేళ్లు పెట్టింది, రెండే పట్టాయి. ఊపింది, కదల్లేదు. ఇక ఏడవడమొక్కటే తక్కువ అనుకుంటుండగా కనిపించింది.

"నాలుగో దిక్కు కమ్మీలే లేవు పెద్దమ్మా!" అని పండగొచ్చినంత సంబరంగా అరిచింది.

నిజమే. మూడు వైపులా కమ్మీలున్నాయి. పొడుగాటి వైపుల్లో ఒకటి మాత్రం బోసిగా తెరిచి ఉంది. ఎవరైనా తన వస్తువుకు వంక పెడితే మీద పడి కరిచే బుచ్చమ్మ, ఈసారి ఆకాశంలోకి చూసింది.

"పిల్లి ఎక్కి దిగాలె గద" అంది.

అప్పుడు ఆండాలు బయటికొచ్చింది. బొంత మీద పిల్లిని చూసింది. ఆమె ఒళ్లంతా భగ్గుమంది.

"పిల్లికి టేకు తొట్టెలా! నా మనుమరాలికి అమ్మ ఒళ్లా! ఆ పిల్లి ఏం పుణ్యం చేసుకున్నదే? ఇది మాకు కావాలె."

"ఇయ్య."

"నాలుగో దిక్కు గోడకు ఆనిచ్చుకుంటం. ఇయ్యి."

"సస్తే ఇయ్య!"

"అత్తా, పెద్దమ్మ దిష్టి..." అని నీలమ్మ గుర్తుచేయబోయింది.

"ఇచ్చినదానికి దిష్టి ఉంటదే. గుంజుకున్నదానికేం ఉంటది!" అని ఆండాలు ఒక కొస పట్టుకుంది. పిల్లి దూకి పారిపోయింది. బుచ్చమ్మ రెండో కొస పట్టుకుంది. గల్లీ అంతా బయటికొచ్చింది. ఆండాలు గాలేస్తే పడిపోయే మనిషి, బుచ్చమ్మ బర్రెను గుంజే మనిషి. అయినా తొట్టెల అడుగడుగూ ఆండాలు వైపే జరిగింది.

"దోచుకుంటున్నరో!" అని బుచ్చమ్మ మొత్తుకుంది. "అయ్యో, నా తొట్టెల! జర అటు తిప్పే, దర్వాజకు తాకుతది! నా నోరు కొడుతున్నరో! కాలు లేపు ప్రకాశం, గడప ఉన్నది!"

తొట్టెల క్షేమంగా గడప దాటింది. ఎదురిల్లు దోచిన గొప్ప చెప్పుకోవడానికి ఆండాలు సుందరమ్మ ఇంటికి పరుగెత్తింది.

గదిలో ప్రకాశం తొట్టెల తెరిచిన వైపును గోడకు ఆనించబోయాడు. గోడలో బయటికి పొడుచుకొచ్చిన రాయి అడ్డం వచ్చింది. సరే, తిప్పి చూద్దామని మంచం వైపు తోశాడు. తెరిచిన వైపు మంచం పట్టెకు వచ్చి అతుక్కుంది. రెండు పరుపులూ ఒక్క ఎత్తున కలిసిపోయాయి. నడుమ వేలు దూరే సందు కూడా లేదు. కింద రెండు ఇనప కొక్కేలు వేలాడుతుంటే ప్రకాశం వంగి చూశాడు. అవి వాళ్ల మంచం పట్టెకే కొలిచి చేసినట్టు పట్టుకున్నాయి.

నీలమ్మ పిల్లను అందులో పడుకోబెట్టి, తాను మంచం మీద ఒరిగింది. చెయ్యి చాస్తే పిల్ల పొట్ట అందింది. తాను ఎటు పొర్లినా పిల్ల మీదికి పోయే దారి లేదు. అప్పుడు ఒక సంగతి తట్టింది. బుచ్చమ్మకు మంచమే లేదు. ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చాప మీదే పడుకుంటుంది. మంచానికి కొక్కేలు తగిలించే తొట్టెల ఆమెకు, ఆమె పిల్లికి ఎందుకు? ఆ ఆలోచన పూర్తి కాకుండానే నీలమ్మకు నిద్ర పట్టేసింది. ఇన్నాళ్ల నిద్ర ఒక్కసారే వచ్చి మీద పడింది. పిల్ల ఏడ్చినప్పుడల్లా చెయ్యి చాచి దగ్గరికి లాక్కుని పాలిచ్చింది, మళ్లీ లోపలికి జరిపింది, మళ్లీ నిద్రపోయింది.

పేరు పెట్టిన మర్నాడు పొద్దున బుచ్చమ్మ పాలు పోయడానికి వచ్చింది. ఆండాలు పెరట్లో ఉంది. నీలమ్మ గిన్నె పట్టి గొంతు తగ్గించి అడిగింది: "పెద్దమ్మా, మా మంచం ఎత్తు నీకెట్ల తెలిసింది?"

బుచ్చమ్మ పాలు ఒలకబోసుకుంది. దొంగతనం చేస్తూ దొరికిన మనిషిలా అటూ ఇటూ చూసింది.

"మీ అత్త నీకు పెరట్ల నీళ్లు పోస్తున్నప్పుడు వచ్చి తాడుతోని కొలిచిన."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్తం? గంత మంచి మంచం నీకున్నదని ఓర్వక కొలిచిన." కొంగు దులుపుకుని మరీ దగ్గరికొచ్చింది. "మీ అత్తకు చెప్పకు. గుంజుకున్ననని మస్తు సంబురపడ్తున్నది. పాపం, పడనియ్యి."

పెరట్లోంచి ఆండాలు అడుగుల చప్పుడు వినిపించింది. బుచ్చమ్మ గబుక్కున గల్లీలోకి దిగి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అందుకుంది: "ఎదురింటోళ్లు నా తొట్టెల దోచుకున్నరో! నా తొట్టెల నాకియ్యిండ్రో!"

నీలమ్మ నవ్వు ఆపుకుని, అత్తకు వినబడేలా గట్టిగా కేకేసింది: "సచ్చినా ఇయ్యం పో పెద్దమ్మా!"