శివారుకి నీళ్లొచ్చిన రెండు వారాలు

నేను బడిలో చదువుకున్నవాణ్ని కాను. కాలవ గట్ల మీద తూములకీ లాకులకీ పెట్టిన బోర్డులు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను, ఆ తరువాత టీ కొట్లో పేపరు. అందుకేనేమో, ప్రభుత్వం రాయించిన బోర్డు ఏది చూసినా ఇప్పటికీ నాకు ముందు ఒళ్లు మండుతుంది, తరువాతే అర్థమవుతుంది.

మా ఊరు మొగల్తూరు దాటి సముద్రం వైపు. గోదావరి నీళ్లు ఆనకట్ట దగ్గర కాలవలో పడి, దారిలో ఉన్న ప్రతి ఊరికీ ఇన్ని ఇచ్చుకుంటూ, ఇవ్వకపోతే లాక్కోబడుతూ, మా దాకా వచ్చేసరికి కప్పలు కూడా నమ్మనంత సన్నబడిపోతాయి. మాది శివారు. మా తరువాత ఉప్పుటేరు, ఉప్పుటేరు తరువాత సముద్రం. వానాకాలం సార్వా పంటకి ఆకాశం ఆదుకుంటుంది. తరువాత వేసే దాళ్వా వరికి నీళ్లు కావాలంటే పై ఊళ్లవాళ్లు దయతలచాలి. డెల్టాలో పుట్టినవాడెవడూ నీళ్ల విషయంలో దయతలచడం నేను చూడలేదు.

తొంభైల చివర్లో కాలవల్ని రైతులకే అప్పగిస్తున్నామన్నారు. ఊరూరా నీటి సంఘాలు పెట్టారు, ఎన్నికలు జరిపారు. మా కాలవకి పై ఊరి పెద్ద రైతు ఒకాయన అధ్యక్షుడయ్యారు. ఆయనకి రైసు మిల్లు ఉంది, కాలవ పనుల కాంట్రాక్టు ఉంది, తూముకి మొట్టమొదట తగిలే పొలమూ ఉంది. అంతకు ముందు నీళ్లు రాకపోతే కాలవ లస్కరుని తిట్టేవాళ్లం, ఇంజనీరుని తిట్టేవాళ్లం, ఆఫీసు ముందు కూర్చునేవాళ్లం. ఇప్పుడు తిట్టడానికి మిగిలింది మనం ఓటేసిన మనవాడు. ‘మీ కాలవ, మీ ఇష్టం’ అని ప్రభుత్వం చేతులు దులుపుకుని పక్కకి జరిగింది. ఇది చాలా గొప్ప సంస్కరణ అని, ఆసియా ఖండంలో ఉన్న దేశాలన్నీ మనవైపు చూస్తున్నాయని పేపర్లో చదివాను. చూశాయి కూడా. చూడ్డానికి మా బావ పొలానికే వచ్చాయి.

బావ అంటే మా అక్క భర్త. సొంత సెంటు భూమి లేదు. రాజమండ్రిలో ఉండే ఒక ఆసామి పొలం పాతికేళ్లుగా మక్తాకి, అంటే ఏటా ఇంతని కౌలు కట్టి, చేస్తున్నాడు. ఆ రోజుల్లో చుట్టుపక్కల పొలాలన్నీ ఒక్కొక్కటే రొయ్యల చెరువులవుతున్నాయి. ఆసామికీ ఆశ పుట్టింది. ఆ ఏడాది సార్వా తుఫానుకి దెబ్బతిని మక్తా సగమే ముట్టింది. ఆసామి కబురు పంపారు: ఈ దాళ్వా చివర ఎంతో కొంత నా చేతిలో పడితే సరే, లేకపోతే పొలం చెరువుకి ఇచ్చేస్తాను. మా బావ వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేసి, మినుములు చల్లాను, అమ్మి తెచ్చి ఇస్తాను, మిగతాది వచ్చే సార్వాలో తీరుస్తానని ఒప్పించి వచ్చాడు. మినుముకి నీళ్లక్కర్లేదు. వరి కోసిన మళ్లో తడి ఉంటే చాలు, మంచుకి పెరుగుతుంది. సంక్రాంతి వెళ్లేసరికి చేను పసుపు పచ్చగా పూసింది. కింద కొమ్మలకి పిందె కూడా పడింది. పొలం చేతిలో ఉండడమో పోవడమో ఆ పిందెల్లో ఉంది. ఈ సంగతి మా అక్కకి తెలుసు, నాకు తెలుసు, అధ్యక్షుడుగారికీ తెలుసు.

ఒకరోజు పొద్దున్నే శివారు కాలవలోకి నీళ్లొచ్చాయి.

వచ్చాయంటే బోదె పట్టక గట్టు మీదకి పొర్లాయి. ఆడవాళ్లు బిందెలతో పరిగెత్తారు. గేదెలు దిగి లేవనన్నాయి. మా బావ మోకాళ్ల దాకా పంచె ఎత్తిపట్టుకుని కాలవలో నిలబడి, ఏదో పోగొట్టుకున్నవాడిలా నీళ్లలోకి చూస్తున్నాడు. పై ఊళ్లవాళ్లు దారిలో వేసే అడ్డుకట్టలన్నీ సంఘమే దగ్గరుండి కొట్టించిందట. నీళ్లు తోడే ఇంజన్లు తీయించిందట. మధ్యాహ్నానికి అధ్యక్షుడుగారు మోటారు సైకిలు మీద వచ్చారు. వెనకాల ఇంజనీరు. కుర్రాడే, ఇంకా చెప్పులకి మట్టి అంటని ఉద్యోగం.

"ఏవయ్యా, కాలవ నిండా నీళ్లు పారుతుంటే మినుములు చూసుకుంటూ కూర్చున్నావా? డెల్టా రైతువేనా నువ్వు?" అన్నారు అధ్యక్షుడుగారు.

"ఎన్నాళ్లుంటాయండీ ఇవి?" అన్నాడు బావ.

"కోత దాకా. శివారుకే ముందు నీళ్లు, అదీ మన సంఘం రూలు. ఆకు నేనిస్తాను, మా ఊళ్లో ఊడ్పులైపోగా మిగిలిన నారు ఉంది. దమ్ముకి ట్రాక్టరు నాది. నీ ఒంట్లో ఓపిక పెట్టు చాలు. ఈ దాళ్వాతో మక్తా మొత్తం కొట్టేసి మీ ఆసామి ముందు మీసం తిప్పొచ్చు."

అంత ఉదారం ఎందుకో సాయంత్రం టీ కొట్లో తెలిసింది. రెండు వారాల్లో విదేశాల నుంచి నీటి పెద్దలు వస్తున్నారు. రైతులే నడిపే కాలవ చూస్తారు. ముఖ్యంగా శివారు చూస్తారు. శివారులో వరి పచ్చగా కనబడాలి. రోడ్డు పక్కనే ఉన్నది మా బావ చేను.

నేను వెళ్లి చెప్పాను. "వాళ్లు వెళ్లిపోయాక ఈ నీళ్లకి పూచీ ఎవరు బావా?" అన్నాను.

"నీకు అన్నిట్లోనూ మోసమే కనబడుతుందిరా. పేపరు చదివి చదివి కళ్లు పచ్చబడ్డాయి నీకు," అన్నాడు. "నీళ్లు కనబడుతున్నాయా లేదా? అది చెప్పు."

"కనబడుతున్నాయి."

"మరింకేంటి?"

మా అక్క గుమ్మంలోంచి అంది: "పూతకొచ్చిన చేనండీ. కడుపుతో ఉన్నదాన్ని గెంటేసినట్టుంటుంది. ఆ ఆకు ఇంకో మడిలో ఎక్కడైనా ఊడ్చుకోమనండి."

"ఇంకో మడి ఏదే నాకు?" అన్నాడు.

అదీ అసలు సంగతి. పాతికేళ్లు ఎండిన బోదెల ముందు కూర్చున్న మనిషి. పైన వాళ్లకి దాళ్వా, తనకి మినుములు. మిల్లు దగ్గర పై ఊళ్లవాళ్లు ధాన్యం బస్తాల మీద కూర్చుని, "శివారు బావగారు గారెల పప్పు తెచ్చారండోయ్" అని నవ్వుతుంటే తానూ నవ్వేవాడు. ఆ నవ్వులు ఎక్కడ దాచుకున్నాడో ఆ రోజు తెలిసింది. కాలవలో నీళ్లు చూశాక మా ప్రాంతం మనిషి ఒళ్లు తన మాట వినదు. ఇంకో జిల్లా రైతు అయితే పూతని చూసేవాడు. మా వాడు నీళ్లని చూశాడు.

మర్నాడు దమ్ము చక్రాల ట్రాక్టరు చేలో దిగింది. మా అక్క దానికి ముందు పరిగెడుతూ అందిన మొక్కల్ని పీకి ఒళ్లో వేసుకుంది. పిందెల్లో గింజ కట్టలేదు. అవి మనుషులకి పనికిరాక గేదెకి వేసింది. ట్రాక్టరు తోలేవాడు, "తప్పుకోండమ్మా, పూలు కోసుకోడానికి ఇదా టైము" అని అరిచాడు. పసుపు పచ్చటి పూత బురదలోకి వెళ్లిపోయింది. మూడో రోజుకి ఊడ్పులు అయ్యాయి. నీళ్లు మడి నిండా నిలబడ్డాయి. ఆకు కుదురుకుని, పెద్దలొచ్చేసరికి పచ్చగా నిలబడింది కూడా. నిజం చెప్పాలంటే అంత అందమైన చేను మా శివారులో నేను చూడలేదు.

వాళ్లు నాలుగు కార్లలో వచ్చారు. రోడ్డు పక్కన షామియానా, కుర్చీలు, కొబ్బరి బొండాలు, ‘శివారుకే ముందు నీళ్లు’ అని అధ్యక్షుడుగారి పేరుతో సంఘం రాయించిన కొత్త బోర్డు. రకరకాల దేశాలవాళ్లు, మనలాగే నల్లగా చామనఛాయగా ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్లలో పూల చొక్కా వేసుకున్న భారీ మనిషి ఒకాయన చెప్పులు విప్పి గట్టు దిగి, కాలవలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఎక్కడో పసిఫిక్ సముద్రంలో చిన్న దీవి వాళ్లదట. సముద్రం నూతుల్లోకి వచ్చేసిందట, దుంపలు వేసుకునే మళ్లు ఉప్పుకి చచ్చిపోయాయట. ఇంజనీరు కుర్రాడు తెలుగులో చెప్పాడు: "సముద్రం పక్కనే ఉండి తియ్యటి నీళ్లు తాగుతున్నారు, అదృష్టవంతులు అంటున్నారు." ఆ మనిషి కళ్లల్లో కపటం లేదు. మమ్మల్ని చూసి నిజంగానే కుళ్లుకున్నాడు పాపం.

నా నోరు పెద్దదని నన్ను షామియానా వెనక్కి నెట్టారు. అక్కణ్నుంచే అరిచాను: "రేపు కూడా రమ్మనండి వాళ్లని! ఎల్లుండి కూడా వచ్చి చూడమనండి!"

ఇంజనీరు ఒక్క క్షణం తడబడి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. పెద్దలందరూ నావైపు తిరిగి నవ్వుతూ దణ్ణాలు పెట్టారు. పూల చొక్కా ఆయన చప్పట్లు కూడా కొట్టాడు. మళ్లీ మళ్లీ రమ్మని పిలుస్తున్నానని చెప్పి ఉంటాడు. జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క రాజకీయ ప్రసంగం అలా స్వాగత వచనమైంది.

తరువాత బావని చేలో నిలబెట్టారు. ఉతికిన చొక్కా, కాళ్ల చుట్టూ నీళ్లు, వెనకాల వరి. ఒకావిడ ఏదో అడిగింది. ఇంజనీరు చెప్పాడు: "నీళ్లు మధ్యలో ఎప్పుడైనా ఆగుతాయా అని అడుగుతున్నారు."

"ఆగవండి," అన్నాడు బావ. ఎవరూ నేర్పలేదు ఆ మాట. మనసులోంచే వచ్చింది. అప్పుడే ఎవరో ఫోటో తీశారు.

కార్లు లేపిన దుమ్ము సర్దుకునేలోపే పై తూము తలుపు దిగిందని తరువాత విన్నాం. మర్నాటికి కాలవ సగమైంది, ఆ పై వారానికి అడుగు కనబడింది. పైన మళ్లీ అడ్డుకట్టలు, మళ్లీ ఇంజన్లు. బావ సైకిలు తొక్కుకుంటూ పై ఊరు వెళ్లాడు, నేను వెనక కూర్చున్నాను. దారిలో గట్టు మీద ఇంజన్లకి కాపలా కూర్చున్నవాళ్లు, "పెళ్లికొడుకు గారు వచ్చారండోయ్! ఫోటో దిగారటగా, లడ్డూలేవండీ?" అన్నారు. అధ్యక్షుడుగారు మిల్లు అరుగు మీద ఉన్నారు. కూర్చోమనలేదు.

"కోత దాకా అన్నారు కదండీ," అన్నాడు బావ.

"అన్నాను. ఆనకట్ట దగ్గర నీళ్లు తగ్గితే నన్నేం చేయమంటావు? ఇక వంతులే."

"మా వంతు ఎప్పుడండీ?"

"పైవాళ్లది అవ్వాలి కదా."

నేను ఉండబట్టలేక, "శివారుకే ముందని బోర్డు రాయించారు కదండీ, దాని మీద మీ పేరు కూడా ఉంది," అన్నాను.

"నీకు చదువొచ్చినందుకు చాలా సంతోషం," అన్నారాయన. "వెళ్లి ఇంకోసారి చదువుకో."

అరుగు మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు. బావ నవ్వలేదు. అలవాటుగా నవ్వుదామని పెదవులు కదిలాయి గాని రాలేదు.

శివారు నేల మినుముకి ఊరుకుంటుంది. దమ్ము చేసి కలియతిప్పి నీళ్లు ఆపేస్తే ఊరుకోదు. అడుగున ఉన్న ఉప్పు పైకి వచ్చి మడి అంతా సున్నం చల్లినట్టు తెల్లబడింది. వరి కొసలు ముందు ఎర్రబడ్డాయి, తరువాత కాల్చినట్టయ్యాయి. మా అక్క మురుగు కాలవలోంచి బిందెలతో తెచ్చి పోసింది. అవి ఇంకా ఉప్పన. ‘పోయకే, ఆపవే’ అని బావ అరుస్తుంటే వినకుండా పోసింది.

పంట నష్టం రాయించుకుని, ఆ కాగితమైనా ఆసామికి చూపిద్దామని ఆఫీసుకి వెళ్లాం. ఇంజనీరు బల్ల వెనకాల గోడకి పెద్ద ఫ్రేము కట్టి ఉంది. అందులో మా బావ. నీళ్లు, వరి, నోరు కొంచెం తెరిచిన నవ్వు. కింద ఏదో ఇంగ్లీషు, దాని కింద తెలుగులో ‘శివారు రైతు ఆనందం’ అని.

"నీళ్లు రాలేదని ఎలా రాయమంటారండీ?" అన్నాడు ఇంజనీరు గోడవైపు చూపిస్తూ. "రిపోర్టు వెళ్లిపోయింది. ఇదిగో, మీరే కదా?"

"నేనేనండి," అన్నాడు బావ.

పై ఊళ్లలో దాళ్వా కోతలయ్యేసరికి ఆసామి పొలం చెరువుకి ఇచ్చేశారు. ఆయన్ని అనడానికేం లేదు, చెప్పే చేశారు. పొక్లెయిను వచ్చి తెల్లబడిన మట్టినంతా ఎత్తి గట్లు పోసింది. లీజుకి తీసుకున్నవాళ్లు జాలిపడి బావకి కాపలా పని ఇచ్చారు. పాతికేళ్లు దున్నిన నేల అడుగున ఉండగా, దాని మీద ఉప్పు నీళ్లలో రొయ్యలకి మేత చల్లేవాడు. ఆ చెరువులోకి మాత్రం నీళ్లు ఏనాడూ ఆగలేదు. ఉప్పుటేట్లోంచి మోటార్లు పెట్టి తోడేవారు. సముద్రానికి వంతుల్లేవు. పక్కనున్న మినుము చేలు కూడా ఆ ఊటకి రెండేళ్లలో పోయాయి. వాటిని చూడ్డానికి ఏ దేశంవాళ్లూ రాలేదు.

బావ ఆ గట్టు మీదే పోయాడు. జ్వరమన్నారు. దినానికి పటం కట్టించాలంటే ఇంట్లో ఒక్క ఫోటో లేదు. పెళ్లిలో తీసింది తుఫానుకి నాని పోయింది. నేను ఆఫీసుకి వెళ్లాను. అక్కడ ఇంజనీరు మారాడు, గోడ మీద బొమ్మలూ మారాయి. కొత్త పథకం, కొత్త నవ్వులు. మా బావ బీరువా వెనకాల అద్దం పగిలి, బూజు పట్టి ఉన్నాడు. అటెండరు, "అదెందుకండీ మీకు, చెత్త" అన్నాడు. చంకలో పెట్టుకుని వచ్చేశాను.

స్టూడియోలో అడిగారు: "వెనకాల చేను బావుందండి, ఉంచమంటారా?"

మా అక్క అంది: "తీసేయమను. ఆ నీళ్లు నా ఇంట్లో వద్దు."

ఛాతీ దాకా కోసి, వెనకాల నీలం రంగు వేసి ఇచ్చారు. దండ వేశాం. మాట మధ్యలో పట్టిన ఫోటో కదా, నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంటుంది. మా అక్క ఇంటికి వెళ్లినప్పుడల్లా నేను దాని ఎదురుగా కూర్చోను. ఆయన ‘ఆగవండి’ అంటూనే ఉంటాడు.