దుబ్బయ్య ఎడమ కాలు

రాజీవ్ రహదారి పక్కన మక్కకంకులు కాల్చే ఐలవ్వ కళ్లముందే డ్రైవరు దుబ్బయ్య తన సేటు కొడుకు కౌశిక్‌తో గేర్ల గురించి వాదులాడి గెలిచాడు. "నువ్వు తోలు బాబూ, నేను కండ్లు మూసుకొని ఏ గేరో చెప్త" అని పాత కారు పక్క సీట్లో కూర్చున్నాడు. ఒక్కటీ తప్పలేదని తిరిగొచ్చిన కౌశికే ఒప్పుకున్నాడు. "గేరుకు చెయ్యి గాదు, చెవి గావాలె" అన్నాడు దుబ్బయ్య. ఊరికే ఇచ్చే అలవాటు ఇంటావంటా లేని ఐలవ్వ ఆ రోజు అతనికి కంకి ఊరికే ఇచ్చింది.

ముప్పై ఏళ్ల డ్రైవరీ అతని ఒంట్లో దిగిపోయింది. రాతిమీద కూర్చుని కంకి తింటున్నా ఎడమ పాదం క్లచ్ తొక్కినట్టు మట్టిని తొక్కుతూనే ఉంటుంది. ఇప్పుడు కౌశిక్ కొన్న ఎర్ర స్పోర్ట్స్ కారులో క్లచ్ లేదు. గేర్లు వాటంతటవే పడతాయి, కావాలంటే స్టీరింగ్ వెనక రెక్కల్లాంటి మీటలు లాగితే చాలు. మొన్న చింతమడక దారిలో ఇంజను గొంతు మారగానే, ఆ ఎడమ కాలు అక్కడ లేని క్లచ్ కోసం లేచి బ్రేకును తొక్కింది. వెనక ఆటో బెత్తెడు దూరంలో ఆగింది. అప్పటి నుంచి అతని చేతిలో కంకి చల్లారిపోతోంది.

"ఆ పిలగానికి చెప్పరాదు? నోట్లె నాలుక లేదా?" అంది ఐలవ్వ.

"గెలిచిన నోటితోని ఎట్ల చెప్పాలె అవ్వా? రేపు ఆయన భార్యను, పసిగుడ్డును దవాఖాన నుంచి తేవాలె."

తెల్లవారి ఎర్ర కారు ఆమె పొయ్యి ముందు ఆగింది. దుబ్బయ్య తలుపు తీశాడు. ఎడమ పాదం అప్పుడే కారు అడుగును తొక్కుతోంది.

"అవ్వా, నీ పాత చీర చింపి, గీ కాలును సీటు కింది కడ్డీకి కట్టు. గట్టిగ కట్టు. ఇది నా మాట వింటలేదు."